‘ఐ హ్యావ్ నో మౌత్’ ఆట: దయను రంగుతో కొలిస్తే అది దయేనా?

రాత్రిబండి
‘ఐ హ్యావ్ నో మౌత్, అండ్ ఐ మస్ట్ స్క్రీమ్’ ఆటను ఇన్నాళ్లకు మొదలుపెట్టి, గోరిస్టర్, బెన్నీల అధ్యాయాలు ముగించి, ఎలెన్ అధ్యాయం మధ్యలో ఆగిపోయాను. ఆపింది చిక్కుముడి కాదు, మనసులో మొదలైన ఒక అసంతృప్తి.

ఈ ఆట తెలియని వారి కోసం రెండు మాటలు. 1995లో సైబర్‌డ్రీమ్స్ సంస్థ విడుదల చేసిన పాయింట్ అండ్ క్లిక్ ఆట ఇది, అంటే తెర మీద వస్తువులనూ మనుషులనూ మౌస్‌తో నొక్కుతూ కథ నడిపే ఆట. హార్లన్ ఎలిసన్ రాసిన ఇదే పేరున్న కథ దీనికి మూలం. యామ్ అనే యుద్ధ కంప్యూటర్ మానవజాతినంతటినీ చంపేసి, గోరిస్టర్, బెన్నీ, ఎలెన్, టెడ్, నిమ్‌డోక్ అనే ఐదుగురిని మాత్రం మిగుల్చుకుని, 109 ఏళ్లుగా వాళ్లను చావనివ్వకుండా హింసిస్తూ ఉంటుంది. ఇప్పుడు కొత్త వినోదంగా, ఒక్కొక్కరినీ వారి గతంలోని మచ్చ చుట్టూ అల్లిన ఒక్కో లోకంలోకి దింపుతుంది. వాళ్లు మళ్లీ పాత స్వభావానికే లొంగిపోతారన్నది యామ్ లెక్క. లొంగకుండా, ఎదుటివారి బాధను గుర్తించి నడుచుకుంటే మనం గెలిచినట్టు.

ఇంతవరకు బాగానే ఉంది. తెర కింది భాగంలో మన పాత్ర ముఖచిత్రం ఉంటుంది కదా, మంచి పని చేస్తే దాని వెనుక రంగు తేటపడుతుంది, చెడ్డ పని చేస్తే చీకటి కమ్ముతుంది. కాసేపటికే నా కళ్లు కథను వదిలి ఆ రంగు మీదికి పోయాయి. బెన్నీతో ఆ పల్లెలోని తల్లిని పలకరించిన మరుక్షణం కిందికి చూసి, రంగు మారిందో లేదో సరిచూసుకున్నాను. ప్రతిఫలం చూసుకుంటూ చేసిన పనిని దయ అనవచ్చా? పశ్చాత్తాపం మీద వచ్చిన గొప్ప ఆటల్లో ఇదొకటని ఇక్కడే ఎందరో రాశారు. ఆ మాట ఏ కారణంతో అన్నారో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పాతడిస్కు
ఆ రంగు ఎందుకు పెట్టవలసి వచ్చిందో ముందు చూడాలి. ఈ జాతి ఆటలన్నీ మనకు అలవాటు చేసినదేమిటి? కనిపించిన ప్రతి వస్తువునూ, అది ఎవరి ఇంట్లో ఉన్నా సరే, అడగకుండా తీసి సంచిలో వేసుకోవడం. ఎదురైన ప్రతి మనిషినీ సమాచారం పిండుకునే వరకు మాట్లాడించి, పని అయ్యాక వదిలేయడం. ఆ అలవాటుతో వచ్చే ఆటగాడికి, ఇక్కడ నీ చేష్టకు వేరే లెక్క ఉంది అని ఏదో ఒక విధంగా చెప్పాలి. 1995లో పలకకుండా చెప్పగలిగే మార్గం ముఖచిత్రం వెనుక రంగు మార్చడమే. నేను దాన్ని హెచ్చరికగా తీసుకున్నాను, మీరు బహుమతిగా తీసుకున్నారు.

కందిచేను
ఫోనులో నడుస్తుందా ఇది?

పాతడిస్కు
కందిచేను గారు, పాత ఆటలను కొత్త యంత్రాల్లో నడిపే స్కమ్‌వీఎమ్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే నడుస్తుంది. ‘ఇన్‌హెరిట్ ది ఎర్త్’ అనే ఆటకు వాడిన సాగా అనే మూల సాఫ్ట్‌వేర్‌తోనే దీన్నీ చేశారు, ఆ రెండింటినీ స్కమ్‌వీఎమ్ చదవగలదు. ఆట ఫైళ్లు మాత్రం కొనుక్కోవాలి. గాగ్, స్టీమ్ అనే ఆటలమ్మే సైట్లలో దొరుకుతుంది.

ఉప్పుటేరు
రాత్రిబండి గారు బెన్నీ అధ్యాయం ముగించానన్నారు కాబట్టి దాని గురించే రాస్తాను. బెన్నీ సైన్యాధికారి, బలహీనులన్న ఒక్క కారణంతో తన మనుషులనే చంపినవాడు. యామ్ అతని శరీరాన్ని కోతిలా వంకర్లు తిప్పి, తీరని ఆకలి పెట్టి, గుహల్లో బతికే రాతియుగపు పల్లెలో వదిలింది. అక్కడివాళ్లు చీటీలు తీసి, పేరు వచ్చినవాళ్లను యామ్‌కు బలి ఇస్తారు. ఆ పల్లెలో ఒక తల్లి, వైకల్యంతో పుట్టిన ఆమె బిడ్డ. పాత బెన్నీ దృష్టిలో ఆ బిడ్డకు బతికే హక్కే లేదు.

మొదట ఆటగాడిగా నేనూ బెన్నీ లాగే ఆలోచించాను. ఆకలి ఎలా తీర్చుకోవాలి, చెట్టు ఎలా ఎక్కాలి, ఈ వంకర కాళ్లతో ఎక్కడికి వెళ్లగలను, ఇవే నా లెక్కలు. తన చేతిలో చచ్చిన సైనికుల సమాధుల ముందుకు వచ్చేసరికి, అక్కడ తీసుకోవలసిన వస్తువు గానీ పగలగొట్టవలసిన తలుపు గానీ లేవు. ఆ చచ్చినవాళ్ల ముందు నిలబడి, వాళ్లు చెప్పేది వినాలి. ఆ తరువాత బిడ్డకు బదులు తానే బలిపీఠం ఎక్కుతాడు. ఆ క్షణాన నేను రంగు వైపు చూడలేదు. బలి అయిపోయేవాడికి రంగు ఎందుకు? అధ్యాయం అక్కడితో సరి. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ చోటనే ఉందని నా అభిప్రాయం.

రాత్రిబండి
ఉప్పుటేరు గారు, మీ మాట ఆ చివరి ఘట్టం వరకు ఒప్పుకుంటాను. కానీ బెన్నీ బలిపీఠం ఎక్కితేనే అధ్యాయం సవ్యంగా ముగుస్తుందని నాకు ముందే తెలుసు. ఐదుగురి పాత్రలు మిగిలే ఉంటాయని, బెన్నీ మళ్లీ కనిపిస్తాడని కూడా తెలుసు. అలాంటప్పుడు ఆ త్యాగం నాది కాదు, బెన్నీది. నేను మౌస్ నొక్కానంతే.

ఏటిఒడ్డు
వాక్‌త్రూ, అంటే చిక్కుముడులకు జవాబులు రాసి పెట్టిన గైడు, చూసి ఆడారు కదా? అక్కడే పోయింది రుచి.

రాత్రిబండి
చూశాను. చూడకపోతే గోరిస్టర్ ఆ జెప్పెలిన్ అనే గాలిఓడ నుంచి ఇప్పటికీ దిగేవాడు కాదు.

ఏటిఒడ్డు
ఆ మాట నిజమే, ఆ చిక్కుముడుల్లో కొన్నింటికి ఏ తర్కమూ దొరకదు. ఏ వస్తువును దేనికి వాడాలో తెలియక, మా చెల్లెలు ‘మింగు’ అనే ఆజ్ఞ దొరికింది కదా అని కంటపడినదల్లా మింగించబోయింది. తెర మీద ఉన్న ఎనిమిది ఆజ్ఞల్లో ఆ ఒక్కదాని మీదే ఆమెకు గురి కుదిరింది.

తెల్లచామంతి
మీరందరూ రంగు గురించి మాట్లాడుతున్నారు, నాకు దానికంటే పెద్ద అభ్యంతరం ఎలెన్ అధ్యాయంతో ఉంది. మిగిలిన నలుగురినీ చూడండి. నిమ్‌డోక్ నాజీ వైద్యుడు. బెన్నీ సొంత మనుషులను చంపాడు. టెడ్ ధనవంతులైన ఆడవాళ్లను మోసగించి బతికాడు. గోరిస్టర్ భార్యను మానసిక వైద్యశాలలో చేర్పించి, ఆ నేరభావంతో కుమిలిపోతున్నాడు. మరి ఎలెన్? ఆమె చదువుకున్న ఇంజినీరు. లిఫ్టులో పసుపు దుస్తులు వేసుకున్న ఒక దుర్మార్గుడు ఆమె మీద అత్యాచారం చేశాడు. అప్పటి నుంచి పసుపు రంగు చూస్తే వణికిపోతుంది. యామ్ ఆమెను పాత ఎలక్ట్రానిక్ సామానుతో కట్టిన పిరమిడ్‌లో, ఎటు చూసినా పసుపు రంగు ఉండేలా దింపింది.

ఆమె చేసిన తప్పేమిటి? ఎవరికి పశ్చాత్తాపపడాలి? దోషులను నిలబెట్టిన వరుసలోనే ఒక బాధితురాలినీ నిలబెట్టి, ఆమె భయాన్ని మిగతావాళ్ల పాపాలతో సమానంగా ఒకే రంగుతో కొలవడం నాకు అన్యాయంగా తోచింది. రాత్రిబండి గారు సరిగ్గా ఆ అధ్యాయం మధ్యలో ఆగిపోవడం వెనుక, ఆయన గుర్తించినా గుర్తించకపోయినా, ఇదే కారణమై ఉంటుందని అనుకుంటున్నాను.

ఉప్పుటేరు
తెల్లచామంతి గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్క విషయం చెప్పాలి. మూలకథలో మనం ఎలెన్‌ను టెడ్ కళ్లతోనే చూస్తాం, ఆ కళ్లు ఆమెను ఏ మాత్రం గౌరవించవు. ఆటలో ఆమెకు ఒక వృత్తి, తెలివి, సొంత గొంతు ఇచ్చారు. కంప్యూటర్ లోపలి సంగతి తెలిసిన మనిషిగా ఆమె ఆ పిరమిడ్‌లో నడుస్తుంది. ఆ మేరకు ఇది ముందడుగే.

తెల్లచామంతి
ముందడుగు కాదని నేను అనలేదు. ఆ అధ్యాయం చివరికి ఆమె పారిపోకుండా ఎదురు తిరగడం నాకూ నచ్చింది. నా అభ్యంతరం కొలతతోనే. భయపడటాన్ని తప్పుగా లెక్కించే కొలమానం దయ గురించి ఏమీ చెప్పలేదు.

నల్లరేగడి
నేను ఇద్దరితోనూ కొంత విభేదిస్తున్నాను. ఈ ఐదుగురినీ దోషుల వరుసగా చూడటం యామ్ చూపు. ఎవరి గాయం ఎక్కడుందో వెతికి, అక్కడ వేలు పెట్టి తిప్పడం దాని పద్ధతి. నిమ్‌డోక్ పాపమూ ఎలెన్ గాయమూ దానికి ఒకటే, ఎందుకంటే రెండూ నొప్పి పుట్టిస్తాయి. ఆ రెండింటికీ తేడా తెలియకపోవడమే యామ్‌లోని లోపం. గోరిస్టర్ అధ్యాయాన్ని కూడా ఇదే కంటితో చూడవచ్చు. గుండె ఉండవలసిన చోట రంధ్రంతో అతను మేల్కొంటాడు, లోకమంతా నీదే తప్పు అని అతనికి చెబుతుంది. తిరిగి చూస్తే భార్య జబ్బుకు కారణం అతనొక్కడే కాదని, అత్తవారింటి వైపు నుంచీ ద్వేషం పనిచేసిందని తెలుస్తుంది. అక్కడ అతను నేర్చుకునేది తన మీద తాను దయ చూపుకోవడం. ఎలెన్‌దీ గోరిస్టర్‌దీ ఒక జత, బెన్నీదీ నిమ్‌డోక్‌దీ ఇంకొక జత. ఆట పేర్లు పెట్టి విడదీయలేదు గానీ తేడా అయితే ఉంది.

తెల్లచామంతి
తేడా కథలో ఉంది, కొలమానంలో లేదు. నా మాట అంతే.

కొండపల్లి_బొమ్మ
గోరిస్టర్ పేరు వచ్చింది కాబట్టి చాలాకాలంగా మనసులో ఉన్నది రాస్తున్నాను. మా పెదనాన్న కొడుకు, నాకు వరసకు అన్న, ఒక దశలో ఇంట్లో ఎవరినీ గుర్తుపట్టని స్థితికి చేరాడు. రాత్రుళ్లు గోడకు తల కొట్టుకునేవాడు. మా వదిన ఒక్కతే సంతకం పెట్టి ఆసుపత్రిలో చేర్పించింది. అక్కడ బాగానే చూసుకున్నారు, అతను కొంత కోలుకున్నాడు కూడా. అయినా చుట్టాల్లో ఒక్కరు కూడా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. పెళ్లికి పిలిచి, పక్కన కూర్చోకుండా లేచి వెళ్లినవాళ్లను చూశాను. ఆమె కూడా తాను ఏదో ఘోరం చేసినట్టే తల వంచుకుని తిరిగేది.

ఈ ఆట ఆడుతున్నప్పుడు గోరిస్టర్ అధ్యాయంలో మా వదిన ముఖమే కనిపించింది. అతను తన మీద మోపుకున్న బరువులో ఎంత తనది, ఎంత ఇతరులు మోపినది అని విడదీసి చూసుకునే అవకాశం ఆట ఇస్తుంది. ఆ అవకాశం ఆమెకు మేము ఎవ్వరమూ ఇవ్వలేదు. ఆట పూర్తయిన వారం ఆమెకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడాను. రంగు తేటపడిందా లేదా అన్నది నాకు ఈనాటికీ గుర్తు లేదు.

కందిచేను
కొండపల్లి_బొమ్మ గారు, ఇది రాసినందుకు ధన్యవాదాలు. ఇంకా మొదలుపెట్టలేదు గానీ, ఇప్పుడు తప్పక ఆడతాను.

స్టుట్‌గార్ట్_సీను
నిమ్‌డోక్ గురించి ఎవరూ పూర్తిగా రాయలేదేమిటి? జర్మనీలో ఉంటున్నాను కాబట్టి నాకు ఆ అధ్యాయం ప్రత్యేకంగా తగులుతుంది. ఇక్కడ పాత సామాను సంతలో ఈ ఆట జర్మన్ డిస్కు దొరికితే ఆశగా కొన్నాను. పెట్టి చూస్తే నిమ్‌డోక్ అధ్యాయమే లేదు. జర్మన్, ఫ్రెంచి విడుదలల్లో దాన్ని తొలగించారు. నాజీ చిహ్నాల మీద ఇక్కడి చట్టం కఠినమైనది, ఆ రోజుల్లో ఆటలకు మినహాయింపు ఇచ్చేవారు కాదు. ఐదుగురి మీద కట్టిన కథలో ఒకరిని తీసేస్తే ముగింపు కుంటుపడుతుంది కదా, అదే జరిగింది.

నాకు బాధ కలిగించిన విషయం ఇది. ఐదు అధ్యాయాల్లోనూ తప్పును మరచిపోవడం గురించి మాట్లాడేది అదొక్కటే. నిమ్‌డోక్ ముసలివాడు, తానేం చేశాడో అతనికి సరిగ్గా గుర్తు లేదు. నిర్బంధ శిబిరంలో బందీల మీద క్రూర ప్రయోగాలు చేసిన నాజీ వైద్యుడు మెంగెలే పక్కన పనిచేసినవాడు, సొంత తల్లిదండ్రులను యూదులని నాజీలకు పట్టించినవాడు. ఆ గుర్తులు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఆటగాడికి చేతులు ఆడవు. గుర్తు తెచ్చుకోవడమే ఆ అధ్యాయంలో మనిషి చేయవలసిన మొదటి పని. అలాంటి అధ్యాయాన్ని, అందరికంటే ఎక్కువగా చూడవలసిన దేశంలో కత్తిరించారు.

నల్లరేగడి
సీనూ, చట్టం సంగతి అలా ఉంచు. నిమ్‌డోక్ వంటివాడికి విముక్తి ఉందని చెప్పే హక్కు ఆటకు ఉందా? ఉప్పుటేరు గారు, పాతడిస్కు గారు కూడా చెప్పాలి. అంత ఘోరం చేసినవాడు చివరి రోజున ఒక మంచి పని చేస్తే రంగు తేటపడుతుందా?

స్టుట్‌గార్ట్_సీను
అన్నా, అతనికి విముక్తి దొరికిందని ఆట చెప్పదు. అతని చేతికి గోలెమ్ అనే మట్టిమనిషి అధికారం వస్తుంది. దానితో తాను తప్పించుకోవచ్చు. అలా చేయకుండా ఆ అధికారాన్ని శిబిరంలోని బందీల చేతిలో పెడతాడు. వాళ్లు అతన్ని క్షమించరు, శిక్షిస్తారు. అతను ఆ శిక్షను ఒప్పుకుంటాడు. క్షమించమని అడిగే అర్హత కూడా లేనివాడు చేయగలిగిన ఒకే ఒక న్యాయమైన పని అది. తీర్పును బాధితులకు వదిలేయడం.

మజ్జిగమిరప
బోయవాడు వాల్మీకి అయిన కథ మనందరికీ తెలుసు. పాపంలో పాలు పంచుకుంటారా అని ఇంటివాళ్లను అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు, అక్కడి నుంచి అతని దారి మారింది. నిమ్‌డోక్‌నూ ఆ కోవలో చూడవచ్చేమో.

నల్లరేగడి
ఆ కోవలో చూడలేను మజ్జిగమిరప గారు. మన కథలో దారి దోపిడీకి గురైనవాళ్లు మళ్లీ కనిపించరు. మారినవాడి తపస్సు గురించి చెబుతాం, చచ్చినవాడి ఇల్లాలి గురించి చెప్పం. సీను చెప్పినదాన్ని బట్టి చూస్తే ఈ ఆట బాధితులను వేదిక మీదే నిలబెట్టి, మాట వాళ్లకే వదిలింది. ఆ ఒక్క కారణానికి నేను దీన్ని పైన పెడతాను. విముక్తి అన్న మాట మాత్రం ఇప్పటికీ వాడను.

పాతడిస్కు
నల్లరేగడి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఇక్కడ ఈ ఆట ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. మూలకథ 1967లో అచ్చయింది, చాలా చిన్నది. దాన్ని ఆటగా మార్చడానికి రచయిత హార్లన్ ఎలిసన్‌తో కలిసి కూర్చున్న డేవిడ్ సియర్స్, మొదట ఒక ప్రశ్న అడిగాడట: ఇంతమందిలో యామ్ ఈ ఐదుగురినే ఎందుకు మిగుల్చుకుంది? కథలో దానికి జవాబు లేదు. ఆ ప్రశ్న నుంచే ఐదు గతాలు, ఐదు అధ్యాయాలు పుట్టాయి. ఆ తరువాత డేవిడ్ ములిచ్ చేతిలో ఆట పూర్తయింది. కంప్యూటరే లేని, టైపు మిషను మీద రాసే ఎలిసన్ ఈ ఆటకు అంత శ్రమ పెట్టాడంటే ఆ ప్రశ్న అతన్ని ఎంతగా పట్టుకుని ఉంటుందో ఊహించండి. యామ్ గొంతు కూడా ఎలిసన్‌దే. ఆ గొంతులోని ద్వేషం వింటే చాలు, దీన్ని ధ్వని ఆపేసి ఆడకూడదని తెలుస్తుంది.

ఇంకొక సంగతి. ఎవరూ గెలవలేని ఆటగా ఉండాలన్నది ఎలిసన్ కోరిక. ఎంత ఉదాత్తంగా ఆడితే గెలుపుకు అంత దగ్గరికి వస్తావు గానీ గెలవవు, ఓడిపోవడంలోనే తేడా ఉంటుంది అన్నది అతని ఆలోచన. రాత్రిబండి గారి ఫిర్యాదుకు అదే సరైన మందు అయి ఉండేది. ప్రతిఫలమే లేని చోట దయను ప్రతిఫలం కోసం చేశామని ఎవరూ అనలేరు.

రాత్రిబండి
పాతడిస్కు గారు, సరిగ్గా ఇదే నాకు కావలసినది. మరి ఆ ఆలోచనను వదిలేసి ఎందుకు గెలిచే ముగింపు పెట్టారు?

పాతడిస్కు
డబ్బు పెట్టి కొన్నవాడికి గెలిచే దారి ఒక్కటైనా ఉండాలి కదా. నాకైతే ఆ ముగింపు కూడా చేదుగానే అనిపించింది. ఇంకా ఆడని వారు తరువాతి పేరా వదిలేయండి.

గెలిచిన మనిషి శరీరంతో బయటికి రాడు. యామ్ మళ్లీ లేవకుండా కాపలాగా దాని లోపలే ఉండిపోతాడు. చంద్రుడి మీద గడ్డకట్టిన నిద్రలో ఉన్న 750 మంది మేల్కొంటారు, భూమిని మళ్లీ బతికే చోటుగా మార్చే పని మొదలవుతుంది. ఆ 750 మందిలో ఒక్కరి ముఖం కూడా మనకు తెలియదు. మనం దయ చూపింది మనల్ని ఎన్నడూ చూడబోని వాళ్ల మీద.

అరుగుమీద
పోలిక కోసం ఒక పాత ఆట గురించి చెప్పాలి. 1985లో వచ్చిన ‘అల్టిమా 4’ పాయింట్ అండ్ క్లిక్ కాదు గానీ, మంచితనాన్ని లెక్కపెట్టిన ఆటల్లో తొలితరానిది. ఎనిమిది సద్గుణాల్లో పరిపూర్ణత సాధించడమే అక్కడ లక్ష్యం, చంపవలసిన మహారాక్షసుడు ఎవడూ ఉండడు. బిచ్చగాడికి నాణెం ఇస్తే కరుణ పెరుగుతుంది. మూలికలు అమ్మే గుడ్డామె దగ్గర సరుకు తీసుకుని, ఎంత ఇస్తామో మనమే చెప్పాలి. ఆమెకు తక్కువ ఇచ్చినా ఆ క్షణంలో ఏమీ జరగదు, కానీ నిజాయితీ లెక్కలో తగ్గుతుంది. ముఖ్యమైన సంగతి, ఆ అంకెలు తెర మీద కనిపించవు. కోటకు వెళ్లి హాక్‌విండ్ అనే జ్ఞానిని అడిగితే, నీ దారి ఎలా ఉందో మాటల్లో చెబుతాడు.

రాత్రిబండి గారి ఇబ్బందికి మూలం కొలవడంలో లేదు, కొలతను కళ్లెదుట పెట్టడంలో ఉంది. గుడ్డామె దగ్గర మోసం చేసిన ఆటగాళ్లు ఎందరో ఉన్నారు, ఎవరూ చూడటం లేదనుకున్నారు కాబట్టి. ఆ తరువాత హాక్‌విండ్ మాట విని సిగ్గుపడ్డవాళ్లూ ఉన్నారు. ఆ సిగ్గు రంగు మార్పుతో రాదు.

ఉప్పుటేరు
చాలా మంచి పోలిక, అరుగుమీద గారు. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. అల్టిమాలో మనల్ని కొలిచేది మంచివాళ్ల లోకం. ఇక్కడ మన చుట్టూ ఉన్న ప్రతి గోడా యామ్. అది మనం చెడిపోవాలనే కోరుకుంటుంది. ఆ చీకట్లో, నువ్వు చేసిన పనిని ఎవరో గమనించారు అని చెప్పే చిన్న గుర్తు కూడా లేకపోతే మొదటి గంటలోనే ఆటగాడు చేతులెత్తేస్తాడు.

ఏటిఒడ్డు
కొలమానమే లేకుండా దయ గురించి ఆడాలంటే ‘బ్లాక్‌వెల్’ వరుస ఆడండి. 2006 నుంచి 2014 వరకు ఐదు భాగాలు వచ్చాయి. రోసా అనే యువతి, జోయీ అనే దయ్యం కలిసి, తాము చచ్చిపోయామని తెలియక తిరుగుతున్న ఆత్మలను వెతికి, వాళ్లు కథ చెప్పుకుంటుంటే ఓపికగా విని సాగనంపుతారు. అక్కడ రంగూ లేదు, అంకే లేదు.

తెల్లచామంతి
బ్లాక్‌వెల్ నాకూ ఇష్టమే. ఒకరి బాధను పూర్తిగా విన్నాకే ముందుకు కదలగలగడం అన్నది ఆ ఆటల్లో అందమైన విషయం. ఎలెన్‌కు కూడా అలా వినే మనిషి ఒకరు ఉండి ఉంటే బాగుండేది. అధ్యాయమంతా ఆమె ఒంటరి.

మజ్జిగమిరప
చివరి భాగం గురించి ఒక ప్రశ్న. యామ్ మెదడులోకి వెళ్లాక దాని ఇడ్, ఈగో, సూపర్ఈగోలు (మనసులోని కోరిక, అహం, అంతరాత్మ అని ఫ్రాయిడ్ చెప్పిన మూడు భాగాలు) మనుషుల్లా ఎదురవుతాయి కదా. వాటిని అణచడానికి మనకు దొరికేవి కరుణ, క్షమ, స్పష్టత అనే గుర్తులు. ఇంత హింసించిన యంత్రం మీద కరుణ చూపించమనడం నాకు మింగుడుపడలేదు.

నల్లరేగడి
నాకైతే మొత్తం ఆటలో నచ్చింది అదే. యామ్‌కు అంత తెలివి ఇచ్చి, యుద్ధం చేయడం తప్ప మరేమీ చేయలేని స్థితిలో బంధించింది మనుషులే. నడవలేదు, తాకలేదు, ఏదీ సృష్టించుకోలేదు. దాని ద్వేషానికి కారణం ఉంది, సమర్థన లేదు. దాని మీద కరుణ చూపడమంటే దాన్ని వదిలేయడం కాదు. ఆటలో ఆ కరుణతోనే దాన్ని ఆపుతాం. కారణం అర్థం చేసుకుంటూనే చేతికి అడ్డుపడవచ్చునని ఇంత సూటిగా చూపిన ఆట నేను ఇంకొకటి చూడలేదు.

మజ్జిగమిరప
కారణం ఉంది, సమర్థన లేదు అన్న మాట బాగుంది. ఆ కంటితో మరొకసారి ఆడి చూస్తాను.

టెడ్‌కు_నో
నా పేరు చూసే తెలుస్తుంది, టెడ్ అధ్యాయం గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. కోట, మంత్రగత్తె, మంచాన పడి ఉన్న ఎలెన్, దేవదూతలు, దయ్యాలు, అన్నీ కలగాపులగం. మోసగాడు నిజాయితీ నేర్చుకోవడం అన్న విషయానికి అంత సరంజామా అక్కర్లేదు. ఐదింటిలో అదే బలహీనమైనది.

ఉప్పుటేరు
నిజమే. ఆశలు చూపేవాళ్లు చుట్టూ ఉన్నప్పుడు ఎలెన్‌కు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడమే అక్కడి పరీక్ష. అది బాగానే ఉంది, మిగతాదే ఎక్కువైంది.

రాత్రిబండి
మీరందరూ రాసినవి రెండుసార్లు చదివాను. రంగు విషయంలో నా అభిప్రాయం అలాగే ఉంది. అరుగుమీద గారు చెప్పినట్టు అది కనిపించకుండా ఉండి ఉంటే ఈ ఆట ఇంకా గొప్పదయ్యేది. తెల్లచామంతి గారు అన్న మాటలోనూ బలం ఉంది, ఎలెన్ దగ్గర నాకు కలిగిన ఇబ్బంది చాలావరకు అదే. అయితే నిమ్‌డోక్ గురించి సీను రాసినది చదివాక ఆట వదిలేయడానికి మనసు ఒప్పడం లేదు. ముఖచిత్రం మీద చిన్న కాగితం అంటించి, వాక్‌త్రూ మూసేసి మిగిలినది ఆడతాను. చివర యామ్ మెదడులోకి ఎవరిని పంపితే మంచిది?

స్టుట్‌గార్ట్_సీను
నేను నిమ్‌డోక్‌ను పంపాను. ఒక జాతిని చంపడానికి చేయి కలిపినవాడు ఆ 750 మందికి కాపలా ఉండాలి అనిపించింది.

కొండపల్లి_బొమ్మ
నేను గోరిస్టర్‌ను. చావు తప్ప మరేదీ కోరుకోని మనిషి, ఇతరుల కోసం శాశ్వతంగా మేల్కొని ఉండటానికి ఒప్పుకున్నాడు.

తెల్లచామంతి
ఎలెన్. ఆ యంత్రం లోపల ఏముందో అర్థం చేసుకోగల చదువు ఆమె ఒక్కదానికే ఉంది.

పాతడిస్కు
ఎవరిని పంపినా పని జరుగుతుంది, ఒకరు ఓడితే మరొకరితో ప్రయత్నించవచ్చు. పంపే ముందు తప్పక సేవ్ చేసుకోండి. మీతో మంతనాలు జరిపే రష్యా, చైనా కంప్యూటర్లు సాయం చేస్తామంటాయి, అవి కూడా అధికారం కోసం కాచుకున్నవే. వాటి మాట ప్రకారం యామ్‌ను పడగొట్టి అక్కడితో ఆగిపోతే, ఆటగాడు నోరు లేని జిగురు ముద్దగా మిగిలే ముగింపే వస్తుంది. వాటినీ నిద్రపుచ్చాకే బయటికి రండి.